చేతిపనుల దానం: సామగ్రి ఖర్చుకైనా పన్ను మినహాయింపు ఇవ్వాలి

సంపాదకులకు,

నమస్కారం. ఫిబ్రవరి, మార్చి నెలలు వచ్చేసరికి పత్రికలన్నీ పన్ను ఆదా మార్గాల మీద వ్యాసాలు ప్రచురిస్తాయి. వాటిలో ఆదాయపు పన్ను చట్టంలోని 80జి సెక్షన్ ప్రస్తావన తప్పనిసరిగా ఉంటుంది. గుర్తింపు పొందిన సేవాసంస్థకు ఇచ్చిన దానంలో సగం, కొన్ని ప్రత్యేక నిధుల విషయంలో మొత్తం, ఆదాయం నుంచి మినహాయించుకోవచ్చని అవి చెబుతాయి. ఆ దానం ఏ రూపంలో ఉండాలన్నది మాత్రం చాలా వ్యాసాలు చెప్పకుండానే ముగుస్తాయి. అందువల్ల బాలికల వసతిగృహానికి గౌన్లు కుట్టి ఇచ్చేవారు, వృద్ధాశ్రమానికి స్వెటర్లు అల్లి పంపేవారు, సేవాసంస్థలు విరాళాల కోసం పెట్టే అమ్మకాలకు తాము చేసిన బొమ్మలను ఉచితంగా ఇచ్చే కళాకారులు తమ దానానికీ ఈ మినహాయింపు ఉందనే అనుకుంటున్నారు. లేదు. ఎందుకు లేదో, కొంతమేరకైనా ఎందుకు ఉండాలో మీ పాఠకుల ముందు ఉంచాలని ఈ లేఖ రాస్తున్నాను.

నేను కళాశాలలో కామర్స్ బోధించి పదవీ విరమణ చేశాను. మా వీధి ఆడవాళ్లం కొందరం కలిసి ఏటా బడులు తెరిచే సమయానికి ఒక ఆశ్రమంలోని పిల్లలకు బట్టలు కుట్టి ఇస్తుంటాం. నాకు పద్దుల సంగతి కాస్త తెలుసు కాబట్టి, "ఇంత గుడ్డ కొన్నాం కదా, రసీదు ఇస్తే పన్నులో ఏమైనా తగ్గుతుందా?" అన్న ప్రశ్న తరచూ నా దగ్గరికే వస్తుంది.

చట్టం ఈ విషయంలో ఎటువంటి సందేహానికీ తావివ్వలేదు. 1961 నాటి ఆదాయపు పన్ను చట్టంలో 80జి సెక్షన్‌కు చేర్చిన అయిదో వివరణ ప్రకారం, దానం డబ్బు రూపంలో ఉంటే తప్ప ఆ సెక్షన్ కింద ఎటువంటి మినహాయింపూ లభించదు. కంపెనీ షేర్లను దానంగా ఇచ్చిన ఒక కేసులో సుప్రీంకోర్టు కూడా ఇదే అభిప్రాయాన్ని స్పష్టం చేసింది. షేర్ల వంటి, ఏ రోజు ధర ఆ రోజు పత్రికలో కనిపించే ఆస్తికే దక్కని మినహాయింపు, ధర ఎంతో ఎవరూ కచ్చితంగా చెప్పలేని చేతికుట్టు దుప్పటికి దక్కుతుందని ఆశించలేం. 2025 నాటి కొత్త ఆదాయపు పన్ను చట్టం భాషను సరళం చేసి, సెక్షన్ల సంఖ్యలు మార్చిందే గాని (ఈ లేఖలో అందరికీ అలవాటైన పాత సంఖ్యలనే వాడుతున్నాను), ఈ డబ్బు నియమాన్ని సడలించలేదు. పన్ను విధానాన్ని మార్చడం ఆ చట్టం ఉద్దేశం కాదని ప్రభుత్వం ముందే చెప్పింది కూడా. డబ్బులోనూ నోట్ల రూపంలో ఇచ్చేది రూ. 2,000 దాటితే 2017–18 ఆర్థిక సంవత్సరం నుంచి లెక్కలోకి రావడం లేదన్నది చాలామందికి తెలిసిన సంగతే.

తక్కువ రేట్లు, తక్కువ మినహాయింపులతో ఉండే కొత్త పన్ను విధానాన్ని ఎంచుకున్న వ్యక్తులకు 80జి మినహాయింపు అసలే లేదు. 2023–24 నుంచి, పాత విధానం కావాలని ప్రత్యేకంగా ఎంచుకోనివారికి వర్తించేది ఆ కొత్త విధానమే. కాబట్టి నేను రాస్తున్న ఈ సమస్య పాత విధానంలో కొనసాగుతున్నవారికి మాత్రమే సంబంధించినదనీ, వారి సంఖ్య తగ్గిపోతోందనీ ఎవరైనా అంటే కాదనను. అయినా ఇంటి రుణం, బీమా, పెద్ద మొత్తంలో విరాళాలు ఉన్న కుటుంబాలు పాత విధానాన్ని ఇంకా పట్టుకునే ఉన్నాయి. పైగా ఈ అపోహ వల్ల జరుగుతున్న నష్టం పన్ను చెల్లింపుదారుతో ఆగడం లేదు, సంస్థల రసీదు పుస్తకాల దాకా పాకుతోంది.

దాతను నొప్పించడం ఇష్టం లేక కొన్ని చిన్న సంస్థలు గుడ్డకు ఇంత, దారానికి ఇంత, కుట్టుకూలి ఇంత అని లెక్కగట్టి, అంత మొత్తం డబ్బుగా ముట్టినట్లు రసీదు రాసి ఇస్తుంటాయి. ఆ పని మంచితనంతోనే చేస్తారనడంలో సందేహం లేదు. కాని అది తప్పుడు రసీదు. 2021–22 ఆర్థిక సంవత్సరం నుంచి సంస్థలు తమకు అందిన దానాల వివరాలను ఫారం 10బిడిలో ఆదాయపు పన్ను శాఖకు సమర్పించి, దాతకు ఫారం 10బిఇ ధ్రువపత్రం ఇవ్వవలసి వచ్చింది. ఆ వివరాలు సమర్పించడం ఆలస్యమైతే రోజుకు రూ. 200 రుసుము, అసలు సమర్పించకపోతే రూ. 10,000 నుంచి రూ. 1,00,000 దాకా జరిమానా పడే వీలుంది. ఇక తప్పుడు వివరాలతో ఆదాయాన్ని తగ్గించి చూపిన దాతకు, ఎగవేసిన పన్నుకు రెండింతల జరిమానా విధించే అధికారం శాఖకు ఉంది. రూపాయి కూడా చేతులు మారని చోట రూపాయలు ముట్టినట్లు రాసిన కాగితం, బ్యాంకు ఖాతాతో సరిచూసిన రోజున ఇచ్చినవారినీ పుచ్చుకున్నవారినీ ఒకేసారి ఇబ్బందిలో పడేస్తుంది.

ఇందులో ఒక విచిత్రం ఉంది. దానం ఏ రూపంలో అందిందో తెలిపే గడి ఆ 10బిడి ఫారంలోనే ఉంది. నగదు, చెక్కు లేదా ఎలక్ట్రానిక్ చెల్లింపులతో పాటు వస్తు రూపం కూడా అక్కడ ఒక ఎంపిక. అంటే వస్తువులు దానంగా వస్తాయని శాఖకు తెలుసు, వాటి వివరం నమోదు చేయడానికి చోటూ కల్పించింది. మినహాయింపు దగ్గరికి వచ్చేసరికి మాత్రం వాటి విలువ సున్నా.

డబ్బు నియమం పెట్టడానికి బలమైన కారణమే ఉందని ముందుగా ఒప్పుకోవాలి. వస్తువుకు విలువ కట్టే పని దాతకే వదిలేస్తే ఏమవుతుందో అమెరికా అనుభవం చెబుతుంది. అక్కడ ఒకప్పుడు రచయితలు, రాజకీయ నాయకులు తమ లేఖలను, పత్రాలను గ్రంథాలయాలకు, ప్రభుత్వ భాండాగారాలకు ఇచ్చి, నిపుణుడు కట్టిన మార్కెట్ విలువను ఆదాయం నుంచి మినహాయించుకునేవారు. 1969 నాటి పన్ను సంస్కరణల చట్టం ఈ వెసులుబాటును తీసివేసింది. పత్రాల విషయంలో దానికి పెట్టిన గడువు 1969 జులై 25. అధ్యక్షుడు రిచర్డ్ నిక్సన్ తాను ఉపాధ్యక్షుడిగా ఉన్నప్పటి పత్రాలను జాతీయ భాండాగారానికి ఇచ్చి, వాటి విలువ 5,76,000 డాలర్లుగా చూపి మినహాయింపు కోరారు. దానపత్రం గడువు దాటాక తయారైందనీ, దాని మీద పాత తేదీ వేశారనీ బయటపడి, చివరికి ఆ మినహాయింపు చెల్లదని తేల్చారు. నిక్సన్ రాజీనామాకు దారితీసిన వాటర్‌గేట్ కుంభకోణం రొదలో ఈ ఉదంతం వెనకబడింది గాని, పన్నుల గురించి చదువుకునేవారు మరచిపోదగినది కాదు. దేశాధ్యక్షుడే తన కాగితాలకు అంత విలువ కట్టించుకున్నప్పుడు, మన ఊళ్లో ఒక బొమ్మకు రూ. 500 బదులు రూ. 5,000 అని రాయించుకునేవాడు ఉండడని ఏ అధికారి నమ్ముతాడు?

అయితే అమెరికా చట్టం ఆ తరువాత మొత్తానికి తలుపు మూసేయలేదు. తన చేతితో చేసిన వస్తువును గుర్తింపు పొందిన సేవాసంస్థకు ఇచ్చిన వ్యక్తి, ఆ వస్తువు తయారీకి వాడిన సామగ్రి ఖర్చు మేరకు మినహాయింపు కోరవచ్చు. దుప్పటికి కొన్న గుడ్డ, దూది, దారం లెక్కలోకి వస్తాయి. దాని మీద వెచ్చించిన నెలల శ్రమ రాదు. వస్తుదానాల మీద కోరే మొత్తం మినహాయింపు 500 డాలర్లు దాటితే, వాటి వివరాలు తెలిపే ఫారం 8283ను పన్ను రిటర్నుకు జతచేయాలి. కళాకారులకు పూర్తి మార్కెట్ విలువను తిరిగి కల్పించాలని సెనేటర్ పాట్రిక్ లీహీ పలుమార్లు బిల్లు ప్రతిపాదించినా అది చట్టం కాలేదు. బ్రిటన్ దారి వేరు. విరాళం మీద దాత కట్టిన పన్నును సేవాసంస్థ ప్రభుత్వం నుంచి తిరిగి పొందే అక్కడి గిఫ్ట్ ఎయిడ్ పథకం డబ్బుకే వర్తిస్తుంది గాని, దాత ఇచ్చిన వస్తువును సేవాసంస్థ దుకాణం దాత తరఫున అమ్మి, వచ్చిన సొమ్మును దాత అనుమతితో విరాళంగా స్వీకరించే ఏర్పాటు ఉంది.

శ్రమకు విలువ ఇవ్వకపోవడం అన్యాయం కాదా అని మా బృందంలోనే కొందరు అడుగుతారు. వినడానికి అన్యాయంగానే తోస్తుంది గాని, పన్ను లెక్కలో అది సరైనదే. ఒక వైద్యుడు ఆదివారం ఉచిత శిబిరంలో వందమందిని చూస్తే ఆయనకు ఆదాయం రాలేదు, కాబట్టి ఆ రోజు రావలసిన ఫీజు మీద ఆయన పన్ను కట్టడు. కట్టని పన్నుకు మినహాయింపు కోరడం కుదరదు. కుట్టుకూలి కూడా అంతే: ఆ కూలిని ముందు నా ఆదాయంగా చూపి, తరువాత దానంగా తీసివేస్తే మిగిలేది సున్నాయే. గుడ్డ సంగతి వేరు. దుకాణంలో నేను చెల్లించిన రూపాయి, అప్పటికే పన్ను కట్టిన నా ఆదాయంలోంచి పోయింది. అదే రూపాయిని సంస్థ ఖాతాకు పంపి ఉంటే మినహాయింపు దక్కేది. గుడ్డగా మార్చి, దాని మీద శ్రమ కూడా కలిపి ఇచ్చినందుకు దక్కకుండా పోయింది. నా అభ్యంతరమంతా ఈ తేడా మీదనే.

అసలు ఖర్చును కొలమానంగా తీసుకోవడం మన న్యాయానికి కొత్తేమీ కాదు. 1953లో సర్ కీకాభాయ్ ప్రేమ్‌చంద్ కేసులో, వ్యాపారి తన సరుకులోని వెండిని, షేర్లను బయటికి తీసి ట్రస్టులకు ఇచ్చినప్పుడు వాటిని మార్కెట్ ధరకు కాక కొన్న ధరకే లెక్కగట్టాలని సుప్రీంకోర్టు చెప్పింది. మనిషి తన నుంచి తానే లాభం పొందలేడన్నది ఆ తీర్పులోని తర్కం. అదే తర్కాన్ని దానం వైపునుంచి చూస్తే, దాత నిజంగా కోల్పోయినది కూడా ఆ కొన్న ధరే కదా.

చేతిపనినే వృత్తిగా చేసుకున్నవారి పరిస్థితి ఇంకా ఇరకాటమైనది. కొండపల్లిలో బొమ్మలు చేసే కుటుంబమో, మంగళగిరిలో మగ్గం పెట్టుకున్న చిన్న వ్యాపారో తాము తయారుచేసిన సరుకులో కొంత భాగాన్ని ఒక ఆశ్రమానికి ఉచితంగా ఇచ్చారనుకుందాం. అది వ్యాపార ప్రయోజనం కోసం చేసిన ఖర్చు కాదు కాబట్టి వ్యాపార ఖర్చుగా చూపడం కష్టం. డబ్బు కాదు కాబట్టి 80జి కిందికీ రాదు. వారు జీఎస్టీలో నమోదై ఉంటే, ఉచితంగా ఇచ్చిన సరుకు మీద, అంటే దానికి వాడిన నూలుకూ రంగులకూ కట్టిన పన్ను మీద ఇన్‌పుట్ క్రెడిట్ (తాము కట్టవలసిన పన్నులో దాన్ని తగ్గించుకునే వెసులుబాటు) తీసుకోరాదని కేంద్ర జీఎస్టీ (సీజీఎస్టీ) చట్టంలోని 17(5) సెక్షన్ చెబుతోంది. అప్పటికే తీసుకుని ఉంటే తిరిగి జమ చేయాలి. సరుకును అమ్మి, వచ్చిన డబ్బును దానం చేసినవారికంటే సరుకునే నేరుగా చేతికిచ్చినవారు ఇన్ని విధాలుగా నష్టపోవడం ఏ రకంగానూ సమంజసం కాదు.

సామగ్రి ఖర్చు పద్ధతిలోనూ లోపాలున్నాయి. నరసాపురం ప్రాంతంలో మహిళలు అల్లే లేసులో దారం ఖర్చు స్వల్పం, విలువంతా వేళ్లదే. అటువంటి పనికి ఈ పద్ధతి వల్ల దక్కేది నామమాత్రమే. పాత చీరలతో కుట్టిన బొంతకు ఇంకా తక్కువ, దాదాపు ఏమీ రాదు. ఎందుకంటే వాడేసిన చీరకు విలువ కట్టడం మొదలుపెడితే మళ్లీ ఆ నిక్సన్ గారి దారిలోకే వెళతాం. బొంతను ఇచ్చేవారు పుణ్యం కోసం ఇవ్వవచ్చు, పన్ను కోసం ఇవ్వలేరు. అందరికీ సమానంగా ఉపయోగపడే నియమం దొరకదు కాబట్టి, మోసానికి తక్కువ అవకాశమిచ్చే నియమాన్ని ఎంచుకోవడమే మేలని నా అభిప్రాయం.

ఆచరణలో దీనికి పెద్ద యంత్రాంగం అక్కరలేదు. దాత పేరుతో ఉన్న బిల్లు, ఆన్‌లైన్‌లో లేదా చెక్కుతో చెల్లించినట్లు ఆధారం, ఆ సామగ్రితో చేసిన వస్తువులు ఎన్ని అందాయో సంస్థ ఇచ్చే రసీదు, ఈ మూడూ ఉంటే చాలు. ఫారంలో ఇప్పటికే ఉన్న వస్తు రూపం గడి పక్కన సామగ్రి బిల్లు మొత్తాన్ని రాసేలా చేయవచ్చు. దుర్వినియోగం భయం ఉంటే ఒక్కొక్క దాతకు ఏడాదికి ఇంత అని చిన్న పరిమితి పెట్టవచ్చు. ఖజానాకు జరిగే నష్టమెంతో కూడా చూద్దాం. ఒకరు రూ. 6,000 పెట్టి గుడ్డ కొని గౌన్లు కుట్టి ఇచ్చారనుకుంటే, మామూలు సేవాసంస్థలకు వర్తించే 50 శాతం లెక్కన మినహాయింపు రూ. 3,000, ఇరవై శాతం శ్లాబులో ఉన్నవారికి దాని మీద తగ్గే పన్ను, సెస్సుతో కలిపి, రూ. 624. ఈ రూ. 624 కోసం ఎవరూ నెలల తరబడి మిషను తొక్కరు. కాని తప్పుడు రసీదు రాయవలసిన అవసరం సంస్థకూ, అడగవలసిన అవసరం దాతకూ తప్పుతాయి.

చట్టం మారేదాకా చేయగలిగిన పని ఒకటుంది. మేము ఆ దారిలోనే వెళుతున్నాం. గుడ్డను మేము కొనకుండా, దానికి కావలసిన సొమ్మును బ్యాంకు ద్వారా సంస్థ ఖాతాకే విరాళంగా పంపుతాం. సంస్థ తన పేరుతో బిల్లు వేయించి గుడ్డ, దారం, బొత్తాలు కొంటుంది. మేము కుట్టి ఇస్తాం. మేమిచ్చింది డబ్బు కాబట్టి 80జి రసీదు నిజమైన రసీదే. సంస్థ పద్దుల్లో విరాళమూ, కొనుగోలూ, పిల్లలకు పంపిణీ చేసిన బట్టల లెక్కా వరసగా కనిపిస్తాయి. శ్రమ శ్రమగానే ఉండిపోతుంది. సంస్థకు 80జి గుర్తింపు ఇంకా చెల్లుబాటులో ఉందో లేదో, దాని గడువు ఎప్పుడు తీరుతుందో దాత ముందే చూసుకోవాలి. మినహాయింపుకు పరిగణించే దానానికి, ఇటువంటి సంస్థల విషయంలో, సర్దుబాటు చేసిన స్థూల ఆదాయంలో (అంటే ఇతర మినహాయింపులు తీసివేశాక మిగిలేదానిలో) 10 శాతం అన్న పరిమితి ఉందన్నదీ గుర్తుంచుకోవాలి. ఇద్దరు ముగ్గురు నడిపే చిన్న ఆశ్రమాలకు ఈ కొనుగోలు పని అదనపు భారమన్నది నిజమే. రంగు నచ్చలేదనో, గుడ్డ పలచగా ఉందనో మాలో మాకు వచ్చే పేచీల సంగతి సరేసరి.

వస్తువును అమ్మి ఆ డబ్బును విరాళంగా ఇవ్వమని కొందరు సలహా ఇస్తారు. అది చట్టబద్ధమే గాని లాభసాటి కాదు. రూ. 4,000 ఖర్చుతో చేసిన వస్తువును రూ. 10,000కు అమ్మితే రూ. 6,000 ఆదాయంగా చూపాలి. ఆ పదివేలూ విరాళమిస్తే మినహాయింపు వచ్చేది సగానికి, అంటే రూ. 5,000కు. మొత్తం దానం చేసి కూడా, చేతికి మిగలని రూ. 1,000 మీద పన్ను కట్టవలసి వస్తుంది.

విదేశాల్లోని తెలుగువారికి కూడా ఒక మాట చెప్పాలి. అమెరికాలో ఉంటూ తాము అల్లిన స్వెటర్లను, కుట్టిన దుప్పట్లను సొంత ఊరి ఆశ్రమానికి నేరుగా పంపేవారు అక్కడి పన్ను లెక్కలో ఆ సామగ్రి ఖర్చునైనా చూపుకోలేరు. అక్కడి చట్టం గుర్తించిన సంస్థకు ఇచ్చిన దానానికే ఆ వెసులుబాటు. విడివిడి ఖర్చులు చూపకుండా స్థిర మొత్తంగా దొరికే స్టాండర్డ్ డిడక్షన్ తీసుకునేవారికి వస్తువుల దానం వల్ల ఎలాగూ తేడా రాదు.

ఆర్థిక మంత్రిత్వ శాఖ ఏటా బడ్జెట్‌కు ముందు ప్రజల నుంచి సూచనలు కోరుతుంది. చేనేత, హస్తకళల సంఘాలు, సేవాసంస్థలు, చార్టర్డ్ అకౌంటెంట్లు సామగ్రి ఖర్చు మేరకు మినహాయింపునూ, ఉచితంగా ఇచ్చిన చేతిపనుల సరుకుకు ఇన్‌పుట్ క్రెడిట్ వెనక్కి తీసుకోకుండా ఉండే సడలింపునూ ఆ సూచనల్లో చేర్చాలని కోరుతున్నాను. మీ పత్రిక కూడా వచ్చే మార్చిలో పన్ను సలహాలు ప్రచురించేటప్పుడు 80జి పక్కన "డబ్బు రూపంలో ఇచ్చిన దానానికి మాత్రమే" అన్న మాటను చేర్చవలసిందిగా మనవి.

ఇట్లు,
ఒక విశ్రాంత కామర్స్ అధ్యాపకురాలు,
తెనాలి